ఆకాశంలో ఇరవై మూడు నిమిషాలు

విమానం నడపటం నేర్చుకుని వస్తానని ఢిల్లీ వెళ్ళి, నలభై రెండు రోజుల తర్వాత రైల్లోనే తిరిగొచ్చాను. సత్తెనపల్లి స్టేషన్ బయట రిక్షా సాంబయ్య నా పెట్టె అందుకుంటూ, "విమానం ఎక్కడ పెట్టావు బాబూ? నీడనే పెట్టావా?" అని అడిగాడు. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరెదురైనా అదే ప్రశ్న, చిన్న చిన్న మార్పులతో. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కసారే రాసి పెడుతున్నాను. ఆశగా చివరిదాకా చదివి తిట్టుకోకుండా ముందే చెబుతున్నాను: నేను పైలట్‌ని కాలేదు. ఆకాశంలో ఒంటరిగా గడిపింది మొత్తం ఇరవై మూడు నిమిషాలు. మొదటిసారి ఏడు, రెండోసారి పదహారు. మూడోసారి లేదు, ఉండదు.

బయలుదేరే ముందు విజయవాడలో ఒక డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోవాల్సి వచ్చింది. ఎత్తు, బరువు, చెవులు, ఆఖర్న ఒక చుక్కల పుస్తకం. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. వాటి మధ్య ఒక అంకె దాగి ఉంటుందట, అది చెప్పాలి. ఢిల్లీ కంటోన్మెంటులో ఉండే సత్యం మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, నన్ను ఈ విమానం చదువుకి పంపిందీ ఆయనే, నెల ముందే ఇన్‌లాండ్ లెటరు రాశాడు. "ఈ అంకెలు వరసగా కంఠతా పట్టు. పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది..." మొదటి పేజీలో పన్నెండు నాకు నిజంగానే కనిపించింది. తర్వాత పేజీల్లో చుక్కలు తప్ప ఏమీ లేవు. నేనేమీ కంగారు పడలేదు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా నేను రాసిన పరీక్షలన్నీ అలాంటివే. ఎదురుగా ఉన్నది అర్థం కాకపోయినా బట్టీ పట్టింది అప్పజెప్పటం. ఎవరికీ కనపడదు కాబట్టే అందరూ బట్టీ పడతారనుకున్నాను. డాక్టరు సంతకం పెట్టాడు. నాన్న వీధి వీధంతా స్వీట్లు పంచాడు.

కంటోన్మెంటు, రెండు గదుల క్వార్టరు

మావయ్య ఎయిర్‌ఫోర్సులో సార్జెంటు. మా ఊళ్ళో అందరూ ఆయన విమానాలు నడుపుతాడనే అనుకుంటారు. ఆయన కాదనడు. నిజానికి ఆయన ఉద్యోగం స్టోర్సులో. విమానాలకు కావలసిన బోల్టులు, గొట్టాలు, గుడ్డలు బీరువాల్లో సర్ది, అడిగినవాళ్ళకు తీసి ఇవ్వటం. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఆయన గాల్లోకి లేచింది రెండేసార్లు. రెండుసార్లూ సామాన్ల మధ్య, కిటికీ లేని చోట.

"పైలట్ వచ్చాడే!" అని గుమ్మంలోంచే కేకేశాడు. రమణత్తయ్య వచ్చి ముందు నా చేతిలోని గోంగూర పచ్చడి జాడీ అందుకుని, తర్వాత నన్ను చూసింది. వెనకాల పదేళ్ళ చిట్టి.

"నమస్తే భయ్యా."

"భయ్యా ఏంటే? బావ అనాలి," అంది అత్తయ్య.

"బావా? మత్లబ్ క్యా?"

అత్తయ్య నా వైపు చూసింది. "అంటే నీకు చాక్లెట్లు కొనిపెట్టేవాడు అని అర్థం," అన్నాను.

"అచ్ఛా. ఠీక్ హై, బావా."

ఆ ఇంట్లో నాకు వింతగా అనిపించింది ఒక్కటే. ప్రతి ఉదయం మావయ్య సాక్సులు చిట్టి తీసి ఇచ్చేది. శనివారం సంతలో టమాటాలు చిట్టే ఏరేది. మావయ్య సంచీ పట్టుకుని, పక్కన, శిక్ష పడ్డవాడిలా నిలబడేవాడు. "పాపా కో నహీ ఆతా," అనేది చిట్టి, నాన్నకు చేతకాదని. ఒక్కతే కూతురు కదా, గారంతో తండ్రిని చెడగొట్టిందనుకున్నాను.

ఢిల్లీ సంతలో మిరపకాయలు బొటనవేలంత లావుంటాయి. కారం మాత్రం మన బెండకాయకున్నంత. పక్క క్వార్టరు పంజాబీ ఆంటీ మా ఆవకాయ రుచి చూసి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ వచ్చి, మళ్ళీ ఏడ్చి, చిన్న గిన్నెలో పట్టుకెళ్ళింది.

కరోల్ బాగ్‌లో ఒక ఆదివారం

మావయ్య నాకు నల్ల కళ్ళద్దాలు కొనిపెడతానని కరోల్ బాగ్ తీసుకెళ్ళాడు. ఎనభై అన్నవాడు ముప్పైకి ఇచ్చాడు. ఇచ్చాక కూడా వాడి మొహంలో సంతోషమే ఉందంటే ఇరవైకి వచ్చేదేమో. భటూరా అని ఒకటి తినిపించాడు. మన పూరీకి ఏనుగుకాలు వచ్చినట్టుంటుంది, కానీ బాగుంటుంది.

ఫుట్‌పాత్ నిండా పుస్తకాలు. కలెక్టరు పరీక్ష దగ్గర్నుంచి లైన్‌మన్ పరీక్ష దాకా ఈ దేశంలో జరిగే ప్రతి పరీక్షకీ జవాబులు అక్కడ కుప్పలు పోసి అమ్ముతారు. ఆ కుప్పల్లో వెతుక్కుంటున్న ఖమ్మం కుర్రాడొకడు మా తెలుగు విని దగ్గరకొచ్చాడు.

"ఏం ప్రిపేరయితున్నవే అన్నా?"

"విమానం."

"గది ఏ పేపర్ల వస్తది?"

ముందు ఎగిరొచ్చి, అప్పుడు చెబుతాలే అన్నాను.

తిరిగొస్తుంటే మావయ్య ఒక యూనిఫాం కొట్టు ముందు ఆగిపోయాడు. అద్దం వెనక పైలట్లు ఛాతీ మీద పెట్టుకునే రెక్కల బిళ్ళ ఉంది. ఆయన దాన్ని చూస్తున్నంతసేపూ నేను ఒక ఐస్‌క్రీం మొత్తం తిన్నాను. చివరికి, "ఇత్తడి ముక్కకి ఇంత ధరేంట్రా," అని కదిలాడు.

గుర్గావ్ దాటాక

ఏరోడ్రోం అంటే ఏదో ఊహించుకోకండి. నేను ఊహించుకుని వెళ్ళి బాధపడ్డాను. బస్సు ద్వారక అనే కొత్త కాలనీ పక్కనుంచి పోతుంది. అప్పటికి అక్కడ పేరైతే పెట్టారు గానీ మనుషులింకా రాలేదు, గోడలు మాత్రం లేచి ఎదురుచూస్తున్నాయి. గుర్గావ్ దాటి, సజ్జచేల మధ్య దిగి, ఎద్దులబండి దొరికితే బండి, లేకపోతే నడక. ఒక రేకుల షెడ్డు, ఒక డాబా, ఒక రన్‌వే. విమానాలు మూడు. వాటిలో ఒకటి ఎగురుతుంది, ఒకటి దానికి విడిభాగాలు దానం చేస్తుంది, మూడోదాని కింద కుక్కలు పడుకుంటాయి.

ఎగిరేదాని పేరు పుష్పక్. రాములవారు ఎక్కిన పుష్పకంలో ఎంతమంది కూర్చున్నా ఇంకొకరికి చోటుండేదని చిన్నప్పుడు విన్నాం. దీన్లో ఇద్దరు ఎక్కితే, తలుపు వేసేటప్పుడు ఒకరు ఊపిరి బిగపట్టాలి. ఒళ్ళంతా గుడ్డ. వేలితో కొడితే డప్పులా మోగుతుంది.

ఆ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్పేది కెప్టెన్ బక్షీ, ఎయిర్‌ఫోర్సులో రిటైరైన పెద్దమనిషి. మొదటి రోజే నాకు మద్రాసీ అని నామకరణం చేశాడు. "సర్, మాది ఆంధ్రా," అన్నాను.

"అచ్ఛా. మద్రాస్ సే కిత్నా దూర్?"

"రైల్లో ఏడెనిమిది గంటలు, సర్."

"బస్. మద్రాసీ." ఇక చాలు అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ విమానంలో రేడియో లేదు. ఉన్న చోట ఒక కన్నం ఉంది, అందులో బక్షీగారు సోంపు పొట్లం పెట్టుకునేవాడు. కాబట్టి కింద ఉన్నవాళ్ళు పైనున్న మనతో మాట్లాడాలంటే దీపమే. మెకానిక్ ఓంబీర్ డాబా మీద స్టూలు వేసుకుని, గొట్టంలాంటి దీపం పట్టుకుని మన వైపు చూపిస్తాడు. పచ్చదీపమైతే దిగు. ఎర్రదీపమైతే దిగకు, పైకి పోయి మళ్ళీ చుట్టు తిరిగి రా. ఇంత సులువైన పాఠం నా చదువులో ఎక్కడా రాలేదు.

మూడు వారాలు బక్షీ నా పక్కనే కూర్చున్నాడు. వాన పడితే ఎగరం, పెట్రోలు రాకపోతే ఎగరం, మంగళవారం ఓంబీర్ ఉపవాసం కాబట్టి ఆలస్యంగా ఎగురుతాం. మేము దిగే వేళకు రన్‌వే ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఎప్పుడూ దీపం వెలిగేది, ఎప్పుడూ దిగేవాళ్ళం. ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది, నాకే తెలియకుండా, ఇదీ: దీపం వెలిగితే దిగు.

ఆ ఏరోడ్రోంలో ఒక ఆనవాయితీ ఉంది. వానలయ్యాక గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. పక్క ఊరి ఆడవాళ్ళు వచ్చి గేదెలకు కోసుకుపోతారు. క్లబ్బుకి గడ్డి తగ్గుతుంది, గేదెలకు కడుపు నిండుతుంది. ఆ ఆడవాళ్ళందరికీ క్లబ్బే ఎర్ర ఓఢ్నీలు కొనిస్తుంది. అది తలమీద వేసుకోకుండా లోపలికి రానివ్వరు. పచ్చగడ్డిలో ఎరుపు రెండు మైళ్ళ నుంచే కనిపిస్తుందన్నాడు బక్షీ, పైనుంచి వేలు చూపిస్తూ. "దిఖా?"

"యస్ సర్."

నాకు గడ్డే కనిపించింది. కళ్ళింకా ఎత్తుకి అలవాటు పడలేదనుకున్నాను. నీలం మాత్రం ఎంత కావాలంటే అంత కనిపించేది. వాన వెలిసిన రోజుల్లో ఆ ఆకాశం ఎంత నీలంగా ఉండేదో రాయటం నాకు చేతకాదు. అందుకే రాయటం లేదు.

ఆ ఆడవాళ్ళలో రాంరతి అనే ఆవిడ పెద్దది. యాభై దాటి ఉంటాయి. మధ్యాహ్నం షెడ్డు నీడలో కూర్చుని సజ్జరొట్టె, ఉల్లిపాయ, కుండెడు మజ్జిగ విప్పేది. మొదటిరోజే నాకూ ఒక రొట్టె పడేసింది.

"మద్రాస్ మేఁ భైంస్ హోవై సై కే, బేటా?" మీ వైపు గేదెలుంటాయా అని.

"ఉంటాయమ్మా. కానీ మన మాట వినవు."

"యఁహా భీ కోన్యా సుణతీ," అని నవ్వింది. ఇక్కడివీ వినవట. దానితో మాకు స్నేహం కుదిరింది.

ఏడు నిమిషాలు

ఒక గురువారం ఉదయం, రెండుసార్లు దిగాక, బక్షీ తలుపు తీసి కిందికి దిగిపోయాడు. సోంపు పొట్లం కూడా తీసుకున్నాడు. "జా. ఏక్ చక్కర్. తోడ్‌నా మత్." ఒక్క చుట్టు తిరిగి రా, విరగ్గొట్టకు అని.

ఆయన బరువు దిగగానే విమానం హాయిగా నిట్టూర్చి, నేననుకున్న దానికంటే ముందే లేచింది. నేల వదిలిన తర్వాత ఇంటికి ఉత్తరంలో రాయటానికి ఏదైనా గొప్ప ఆలోచన వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఖాళీ సీటు వైపు తిరిగి, "సర్, సరిగ్గానే ఉందా?" అని అడిగాను. ఖాళీ సీటు మెచ్చుకోలుగా ఊరుకుంది. పొలాల మీద మా నీడ చిన్నగా, పక్కన, తప్పిపోతానేమో అన్నట్టు వెంట వచ్చింది. మలుపు తిరిగేసరికి దీపం వెలిగింది. దిగాను.

తొలిసారి ఒంటరిగా ఎగిరినవాడు లడ్డూలు పంచాలి. వరస ఇదీ: ముందు మెకానిక్‌కి, తర్వాత గడ్డి కోసేవాళ్ళకి, చివర గురువుకి. ప్రాణం ఎవరి చేతిలో ఎంత ఉందో ఆ వరసన అన్నాడు ఓంబీర్. ఆ తర్వాత నా నెత్తిన ఒక బకెట్ నీళ్ళు. రాంరతి రెండు లడ్డూలు తీసుకుని, ఒకటి ఓఢ్నీ కొంగున కట్టుకుని, తడిసిన నా తల మీద చెయ్యిపెట్టింది.

సాయంత్రం క్వార్టర్లో మావయ్య ఆ ఏడు నిమిషాల గురించి నన్ను గంటసేపు అడిగాడు. విమానం నడిపే కర్ర చేతికి ఎలా తగిలింది, చెవుల్లో గాలి ఎలా ఉంది, నేల ఎప్పుడు మాయమైంది. "దీపం?" అన్నాడు మధ్యలో. "దీపం సరిగ్గా చూశావా?"

"చూశాను మావయ్యా."

ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు. అత్తయ్య, "అన్నం చల్లారిపోతోంది, దింపండి ఇద్దరూ విమానం," అంది.

పదహారు నిమిషాలు

నాలుగు రోజుల తర్వాత రెండోసారి. రెండు చక్కర్లు కొట్టి రెండుసార్లు దిగాలి. మొదటిది దిగి, ఆగకుండానే మళ్ళీ లేచాను. రెండోసారి మలుపు తిరిగి రన్‌వేకి ఎదురుగా వచ్చాను. డాబా మీద దీపం వెలిగింది. వేగం తగ్గించాను. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, ఈలేశాను కూడా.

నేల తాటిచెట్టెత్తు దూరంలో ఉండగా గడ్డిలో ఒక ముక్క లేచి రన్‌వే మీదికి నడవటం మొదలుపెట్టింది. గడ్డి నడుస్తుందేమిటి అనుకున్నాను. ఆ తర్వాత దానికి కాళ్ళు కనిపించాయి. కర్ర వెనక్కి లాగాను. ఎంత లాగానో గుర్తులేదు. ఆమె పడుకుంది, నెత్తిమీది గడ్డిమోపు పడుకోలేదు. కుడి చక్రం మోపుకి తగిలి, కిటికీ నిండా గడ్డి ఎగిరింది. విమానం రెండుసార్లు ఎగిరిపడి, పక్కకు వంగి, కుక్కలు పడుకునే విమానం దాకా పోయి ఆగింది.

నేను పరిగెత్తేసరికి రాంరతి లేచి కూర్చుంది. మోచేయి చీరుకుపోయింది, గాజులు చిట్లి మణికట్టు నెత్తురైంది. నన్ను చూసి ముందు తిట్టింది. హర్యానాలో తిట్లకి మన తిట్లకి తేడా ఏమిటంటే, వాళ్ళు మన తాతముత్తాతల దగ్గర మొదలుపెట్టి ఓపిగ్గా మన దాకా వస్తారు. నా దాకా వచ్చి ఆమె తిట్టటం ఆపేసింది. తల మీది గుడ్డ రెండు చేతులా పట్టుకుని నా మొహం మీద పెట్టి చూపించింది.

"లాల్ ఓఢ్ణా ఓఢ్ రాఖ్యా సై! తన్నై దీఖ్యా కోన్యా?"

ఎర్ర ఓఢ్నీ వేసుకున్నాను, నీకు కనపడలేదా అని. ఆమె విమానం చప్పుడు విన్నది. పరిగెత్తలేదు. ఎర్రది వేసుకుంది కాబట్టి నేను చూస్తాననుకుంది, అంతే.

డాబా మీద ఓంబీర్ ఇంకా దీపం పట్టుకునే ఉన్నాడు, ఆర్పటం మరిచిపోయి.

రేకుల షెడ్డులో

బక్షీ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. రాంరతి చేతికి మందు రాసి, కట్టు కట్టించి, టీ తాగించి, అప్పుడు నన్ను షెడ్డులోకి పిలిచి తలుపులు మూయించాడు. అవతలి గోడ దగ్గర ఓంబీర్ దీపం వెలిగించాడు.

"కౌన్ సా రంగ్?"

"హరా, సర్." పచ్చ.

దీపం ఆరి, వెలిగింది. "అబ్?"

ఆయన మొహం వైపు చూశాను. చీకట్లో అక్కడ జవాబేమీ లేదు. "లాల్."

ఆరి, వెలిగింది. "అబ్?"

"లాల్... నహీ సర్, హరా."

బక్షీ చాలాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: ఓంబీర్ అసలు రంగు మార్చనే లేదు, మూడుసార్లూ ఎర్రదే.

నేను నవ్వాను. నాకు ఏం చెయ్యాలో తెలియనప్పుడు వచ్చేది అదే. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాను.

చుక్కల పుస్తకం ఎలా దాటావని అడిగాడు. బట్టీ పట్టానని చెప్పాను. అంకెలు ఎవరిచ్చారన్నాడు. మావయ్యకు పెన్షను ఇంకా ఏడాది దూరంలో ఉంది.

"కరోల్ బాగ్‌లో, సర్. ఫుట్‌పాత్ మీద అన్ని పరీక్షలవీ అమ్ముతారు."

"కరోల్ బాగ్," అన్నాడు ఆయన, ఆ పేరు మొదటిసారి విన్నట్టు. నా లాగ్‌బుక్ తీసుకుని ఒక్క వాక్యం రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు. రాత చాలా అందంగా ఉంది. మా ఊళ్ళో పెళ్ళి శుభలేఖ మీద ఉండదగిన రాత. కలర్ విజన్ సరిగా లేదు, ఇక ఎగరడానికి వీల్లేదు అని దాని సారాంశం. ఆయన ఇరవై మూడు నిమిషాలనీ కూడి, నా పేరు పక్కన వేసి, పుస్తకం నా చేతికిచ్చి, భుజం మీద ఒకసారి కొట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ క్వార్టరు

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. అత్తయ్య, "రంగులు కనపడకపోవటం ఏంటి శీనయ్యా, బాగానే ఉన్నావుగా?" అంది. చిట్టి హోంవర్కులోంచి తలెత్తకుండా, అదేమంత విశేషం అన్నట్టు, "పాపా కో భీ నహీ దిఖ్తా," అంది.

నాన్నకీ కనపడదు.

సాక్సులు, టమాటాలు. అప్పుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. మావయ్య లేచి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను.

"పద్దెనిమిదేళ్ళప్పుడు పైలట్ సెలక్షన్‌కి వెళ్ళానురా," అన్నాడు, తోట వైపు చూస్తూ. "అన్నీ ప్యాసయ్యాను. చివర ఆ పుస్తకం పెట్టారు. పన్నెండు చెప్పాను. తర్వాత నోరు పెగల్లేదు. ఇంట్లో చెప్పటానికి మనసొప్పక, నాకు నేల మీద ఉద్యోగమే ఇష్టమని రాశాను. స్టోర్సులో చేరాక ఎవరో ఆ పుస్తకం పారేస్తే తెచ్చి, మీ అత్తయ్య చేత అంకెలు చదివించుకుని రాసుకున్నాను. ఎందుకో తెలియదు. ఉంచుకున్నాను."

"నాకు కూడా ఉందని నీకు ఎలా తెలుసు?"

"నీకు తొమ్మిదేళ్ళు. మిరపచేలో పండుకాయలు కోసుకు రమ్మంటే పచ్చివీ పండువీ కలిపి బుట్టెడు తెచ్చావు. అందరూ వీడు ఎగతాళి చేస్తున్నాడని నవ్వారు. నువ్వూ అవునన్నావు. నేను నవ్వలేదు."

నాకు ఆ రోజు గుర్తుంది. నవ్వారు కదా అని ఆ తర్వాత ఏ తప్పు చేసినా ఎగతాళికే చేశానని చెప్పటం అలవాటైంది.

"మరి ఎందుకు పంపావు మావయ్యా?"

"ఒక్కసారన్నా ఎగురుతావనుకున్నా. ఒక్కసారి ఎగిరాక నేనే మాన్పించేస్తానులే అనుకున్నా. మొన్న నువ్వొచ్చి ఆ ఏడు నిమిషాలు చెబుతుంటే... ఇంకొకటి చాల్లే, ఇంకొకటి చాల్లే అనుకున్నా. ఆవిడ సంగతి అనుకోలేదురా శీనూ. కింద మనిషుంటుందని అనుకోలేదు."

నేను ఏదో ఒక జోకు వెయ్యాలని చూశాను. దొరకలేదు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఉదయం చిట్టి వచ్చి, చెరొక జత సాక్సులు మా ఇద్దరి ముందూ పెట్టి బడికి పోయింది. జత సరిగ్గా ఉందో లేదో మాకిద్దరికీ తెలియదు. అవే వేసుకుని బయలుదేరాం.

రాంరతి ఇల్లు

మావయ్య యూనిఫాం ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. ముందు రాంరతి ఊరు వెళ్ళాం. మన వైపైతే తప్పు చేసినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారు. అక్కడ ముందు మంచం వాల్చి, గ్లాసెడు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు మొహం తిప్పుకుంటారు. తెచ్చిన గాజులు ఆమె ముందు పెట్టాను. రంగు అత్తయ్య చూసి కొంది.

మావయ్య తనకొచ్చిన హిందీలో అంతా చెప్పాడు. వాడికి కనపడదు, నాకూ కనపడదు, తెలిసి పంపింది నేను. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తల మీది ఓఢ్నీ ముట్టుకుని, ఇది మీకు ఏ రంగులో ఉందని అడిగింది.

"గడ్డిలా," అన్నాను.

ఆమె అప్పుడు ఏడ్చింది. ఆ రోజు పడినప్పుడు కూడా ఏడవని మనిషి. ఇన్నేళ్ళూ ఇది వేసుకుని ధైర్యంగా తిరిగానే అంది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, నా మోపు ఎవరు కోసిస్తారంది. కొడవలి తీసుకుని ఎండలో రెండు గంటలు కోశాను. చూసి పెదవి విరిచింది. ఎండుదీ పచ్చిదీ కలిపి కోశానట. గేదె నిజంగానే మొహం తిప్పుకుంది.

చివరి రోజు

అక్కణ్ణుంచి ఏరోడ్రోం. మావయ్య బక్షీ ముందు అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. "సర్, ఆ అంకెలు కరోల్ బాగ్‌వి కావు. నేను రాసి పంపాను."

"సార్జెంట్, ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన బతికాను," అన్నాడు బక్షీ హిందీలో. "ఈ చెవి పనిచేయదు."

మావయ్య రెండో చెవి వైపుకి వచ్చి, మళ్ళీ సెల్యూట్ కొట్టి, మళ్ళీ చెప్పాడు.

"ఇదీ పనిచేయదు," అన్నాడు బక్షీ. "ఆమెకు చెప్పావా?"

"చెప్పాను, సర్."

"ఆమె విందా?"

"విన్నది, సర్."

"బస్."

చక్రం బాగుచేశారు. పొద్దునే ఎగరేసి చూశాడట, బాగుందట. నా వైపు తిరిగి, "ఆజా మద్రాసీ, ఆఖరీ చక్కర్. మేరే సాథ్," అని పక్క సీటు చూపించాడు.

ఎక్కాలని నాకు ఎంత ఉందో మీకు చెప్పలేను. ఒక కాలు మెట్టు మీద పెట్టాను కూడా. తర్వాత తీసేసి, "సర్, ఈయన్ని తీసుకెళ్ళండి. పంతొమ్మిదేళ్ళుగా సర్వీసులో ఉన్నాడు, కిటికీ పక్కన ఎప్పుడూ కూర్చోలేదు," అన్నాను.

"నాకెందుకురా, పిచ్చివాడా," అన్నాడు మావయ్య. అప్పటికే టోపీ తీసి నా చేతికిచ్చేశాడు. తలుపు వెయ్యటానికి ఇద్దరూ ఊపిరి బిగపట్టారు.

విమానం సజ్జచేల మీద చిన్నదైపోయింది. నేను డాబా ఎక్కాను. ఓంబీర్ ఏమీ అనకుండా దీపం నా చేతిలో పెట్టాడు. దానికి ఒక మీట ఉంది. పైకి నొక్కితే పచ్చ, కిందికి నొక్కితే ఎరుపు. రంగు తెలియకపోయినా పైకీ కిందికీ తేడా నాకు తెలుసు. గడ్డి కోసేవాళ్ళంతా అంచున నిలబడ్డారు, మా వెనకే వచ్చిన రాంరతి ముందర. నేను ముగ్గురిని అడిగి, రన్‌వే మీద ఎవరూ లేరని చెప్పించుకుని, మీట పైకి నొక్కి, విమానం వైపు పట్టుకున్నాను. గురి కుదరక దీపం ఆకాశమంతా తిరిగింది.

"హరా హై, భయ్యా," అన్నాడు ఓంబీర్ మెల్లగా, నా చెయ్యి పట్టుకుని. "హరా హై."

మావయ్య దిగివచ్చాక చాలాసేపు విమానం గుడ్డ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మొహమంతా తడిసి ఉంది. ఆ ఇంజన్‌కి నూనె చిమ్మే అలవాటుంది కాబట్టి, అదేనని అందరం అనుకున్నాం. బస్సు కోసం నడుస్తూ, టోపీ తిరిగిస్తూ అడిగాను.

"దీపం కనపడిందా మావయ్యా?"

"కనపడిందిరా."

"ఏ రంగు?"

ఆయన నాలుగడుగులు నడిచాక చెప్పాడు.

"దిగమన్న రంగు."